పిట్టకు తగలని గుండు

తుపాకి అనే మాట తెలుగు నేల మీద పుట్టింది కాదు. అది తుర్కీ భాషలో పుట్టి, పారసీకం మీదుగా, సుల్తానుల సైన్యాల వెంట నడిచి వచ్చి, ఇక్కడి నోళ్లలో స్థిరపడి, ఇప్పుడు పుట్టింటివాళ్లు ఎదురుపడినా గుర్తుపట్టలేనంతగా తెలుగైపోయింది. అయితే ఆ పుట్టింటి సంగతి విచారించినవారికి ఒక వింత ఎదురవుతుంది. 11వ శతాబ్దంలో మహమూద్ కాష్గరీ అనే పండితుడు కూర్చిన తుర్కీ నిఘంటువులో ఈ మాటకు మూలమైన పదం ఉంది. దానికి ఆయన చెప్పిన అర్థం మందు కూరి పేల్చే ఆయుధం కాదు, నోటితో గాలి ఊది పిచ్చుకలను కొట్టే బోలు గొట్టం. అంటే చరిత్ర దృష్టితో చూస్తే పిట్టల తుపాకే అసలు తుపాకి. మందుగుండుతో పేలేవన్నీ ఆ పేరును తరువాతి కాలంలో అరువు తెచ్చుకున్నవే. ఖమ్మం జిల్లా కల్లూరులో మొదటిసారి ఎయిర్‌గన్ కొనిపించుకున్న కుర్రవాడు, తన చేతిలో ఉన్నది ఆటబొమ్మ కాదని బజారంతటితో వాదనకు దిగినప్పుడు, అతనికి తెలియకుండానే తొమ్మిది వందల ఏళ్ల నిఘంటు ప్రమాణం అతని పక్షాన నిలబడి ఉంది.

కల్లూరు ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే రోడ్డు మీద, తల్లాడకూ పెనుబల్లికీ నడుమ ఉన్న మండల కేంద్రం. 2016 జిల్లాల పునర్విభజనలో రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. ఒకవైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లను నమ్ముకున్న వరి, మిరప, పత్తి చేలు, మామిడి తోటలు, మరోవైపు కనకగిరి గుట్టల మీదుగా కిన్నెరసాని, భద్రాచలం దిక్కుకు సాగే అడవి ఉన్న ఈ ప్రాంతంలో, చేలో వాలిన పిట్టా తోటలో దూకిన కోతీ అడవివో ఊరివో తేల్చడం ఎప్పుడూ కష్టమే కాబట్టి, ఆటవస్తువో ఆయుధమో తనకే తేలని ఎయిర్‌గన్‌కు ఇంతకంటే అనువైన చోటు దొరకదు. దీన్ని జనం పిట్టల తుపాకి అనీ, గాలి తుపాకి అనీ, కాస్త తెలిసినవాళ్లు డయానా అనీ అంటారు. వీటిలో రెండో పేరు యజమానికి బొత్తిగా గిట్టదు. తెలుగులో గాలి అన్న మాట ముందు చేరాక పరువు నిలబెట్టుకున్న సరుకు తక్కువ: గాలి కబురు నమ్మదగింది కాదు, గాలి మేడ నిలిచేది కాదు, గాలి తిరుగుళ్లు తిరిగేవాడికి పిల్లనిచ్చేవాడు లేడు. ఆ వరసలో గాలి తుపాకి అనిపించుకున్న వస్తువు తన గౌరవాన్ని తానే సంపాదించుకోవలసి వచ్చింది. ఆ ప్రయత్నం ఎలా సాగిందన్నదే ఈ వ్యాసానికి విషయం.

నిర్మాణాన్ని బట్టి చూస్తే ఎయిర్‌గన్ అనేది చెక్క దస్తా తొడుక్కున్న సైకిల్ పంపు. లోపల ఒక ఉక్కు గొట్టం, అందులో బలమైన స్ప్రింగు, స్ప్రింగు ముందు ముషలకం (పంపులో పిడితో పాటు పైకీ కిందికీ ఆడే భాగం లాంటిది), ముషలకం మూతికి గాలి జారిపోకుండా ఒక వాషరు ఉంటాయి. తుపాకిని మధ్యకు విరిచి బారెల్‌ను కిందికి లాగితే స్ప్రింగు ముడుచుకొని కొక్కేనికి తగులుకుంటుంది. అప్పుడు బయటపడిన బారెల్ వెనక రంధ్రంలో సీసపు గుండును బొటనవేలితో కూర్చి, బారెల్‌ను మళ్లీ మూసి, మీట నొక్కితే, కొక్కెం వదలగానే స్ప్రింగు ముషలకాన్ని తోస్తుంది, ముషలకం గాలిని నలుపుతుంది, నలిగిన గాలి తనకున్న ఒకే ఒక్క దారిలో గుండును ముందు పెట్టుకొని బయటపడుతుంది. పెల్లెట్ అని పిలిచే ఆ గుండు గోళీలా గుండ్రంగా ఉండదు; నడుము సన్నగా, వెనక బోలుగా, బుడబుక్కలవాడి చేతిలోని డమరుకాన్ని చీమల కోసం తయారు చేసినట్టు ఉంటుంది. సాధారణంగా దొరికే రకం వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, బరువు అర గ్రాముకు అటూ ఇటూ.

పాత కాలపు తుపాకుల్లో ఆ వాషరు తోలుది. సైకిల్ పంపులోనూ తోలు వాషరే, బోరింగు పంపులోనూ తోలు వాషరే కావడం వల్ల, తుపాకి దమ్ము తగ్గినప్పుడు దాన్ని పట్టుకొని పట్నం పరుగెత్తే పని లేక, సైకిల్ షాపు మెట్టెక్కితే సరిపోయేది. పంక్చరు వేస్తున్న మెకానిక్ చేతులు తుడుచుకోకుండానే దాన్ని విప్పి, వాషరును నూనెలో నానబెట్టి, ఉబ్బిన తరువాత బిగించి ఇచ్చేవాడు. పనిలో పనిగా, బాగైందో లేదో చూడాలన్న నెపంతో, నాలుగు గుండ్లు తాను కాల్చుకునేవాడు. కూలి కింద దీన్ని ఎవరూ లెక్కవేయలేదు.

తుపాకిని విరవడం చెప్పినంత సులువు కాదు. పన్నెండేళ్ల పిల్లవాడి బలానికీ ఆ స్ప్రింగు బలానికీ పొత్తు కుదరదు. దస్తాను పొట్టకు ఆనించి, బారెల్ కొసను రెండు చేతులా పట్టి, నాలుక పళ్ల మధ్య బిగబట్టి, ముందుకు వంగి, దాదాపు సాష్టాంగపడే స్థితికి వచ్చినప్పుడు గానీ లోపల కొక్కెం ‘టక్’ అనదు. ఆ శబ్దానికి ఒక్క క్షణం ముందు చెయ్యి జారిందా, బారెల్ ఎగిరి వచ్చి గడ్డానికి తగులుతుంది. ఎయిర్‌గన్ మొదటి దెబ్బ తిన్నది పిట్ట కాదు, యజమాని గడ్డమే అని చాలామంది విషయంలో నిస్సంకోచంగా చెప్పవచ్చు. ఆ మచ్చను కొందరు ఇప్పటికీ వేళ్లతో తడుముకుంటూ మాట్లాడుతుంటారు.

చట్టం దీన్ని ఏ కంటితో చూసిందన్నది ముచ్చటైన సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద మామూలు తుపాకికి లైసెన్సు తప్పనిసరి కాగా, 1962లో వచ్చిన మినహాయింపు ఎయిర్‌గన్‌ను ఆ బాధ నుంచి తప్పించింది. అయితే ఊరికే తప్పించలేదు, ఒక పరీక్ష పెట్టింది. అంగుళం మందం ఉన్న మెత్తని చెక్క పలకను అయిదు అడుగుల దూరం నుంచి కొడితే గుండు ఆ పలకను దూసుకుపోకూడదు. లోకంలో ఏ పరీక్షలోనైనా చేయగలిగినవాడు నెగ్గుతాడు; ఇక్కడ మాత్రం చేతకానితనమే ఉత్తీర్ణత. 2016 ఆయుధ నియమాలు చెక్కను వదిలి అంకెల్లోకి వచ్చి, వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కరలేదన్నాయి. జౌలు అనేది శక్తిని కొలిచే ప్రమాణం. కిలో బెల్లం ముద్ద మీటరు ఎత్తు నుంచి కాలి మీద పడితే దానిలో ఉండే శక్తి దాదాపు 10 జౌళ్లు. ఊళ్లో భుజాల మీద తిరిగిన తుపాకులలో చాలావాటి బలం ఈ ఒక్క బెల్లం ముద్దకు మించదు. తేడా ఏమిటంటే, బెల్లం ఆ బలాన్ని కాలంతటికీ పంచుతుంది, గుండు మాత్రం అంతటినీ కందిగింజంత చోట దింపుతుంది. అందుకే కంటికి తగిలితే చూపు పోతుంది, దగ్గరి నుంచి తగలరాని చోట తగిలితే ప్రాణమే పోతుంది. ఈ ఒక్క మాటలో హాస్యం లేదు.

పరదేశాల్లోనూ ఈ ఆయుధ చరిత్ర కాల్పుల కంటే ప్రదర్శనతోనే ఎక్కువగా ముడిపడి ఉంది. 1780 ప్రాంతంలో జిరార్డోని అనే పనివాడు ఆస్ట్రియా సైన్యం కోసం తయారుచేసిన గాలి తుపాకి ఒకసారి గాలి నింపితే ఇరవైకి పైగా గుండ్లు వరసగా వదిలేది, కానీ ఆ గాలి నింపడానికి పంపును పదిహేను వందల సార్లు కొట్టాలి. అంత కొట్టేలోపు శత్రువు భోజనం చేసి కునుకు తీసి రావచ్చు. 1803-1806 మధ్య అమెరికా ఖండాన్ని దాటిన లూయీస్, క్లార్క్ బృందం కూడా ఒక గాలి తుపాకిని మోసుకుపోయి, దారిలో కలిసిన తెగల ముందు పొగా నిప్పూ లేకుండా కాల్చి చూపించి వాళ్లను ఆశ్చర్యపరచడానికి వాడుకుంది. మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్‌లో గాలిమరలు తయారుచేసే కంపెనీ ఒకటి 1880లలో, ఎరువుల కొట్టువాళ్లు సంచుల మీద టవలూ క్యాలెండరూ ఇచ్చినట్టు, గాలిమర కొన్న రైతుకు ఎయిర్‌గన్‌ను ఉచితంగా ఇచ్చింది. కొన్నాళ్లకు రైతులు గాలిమరను మరచి తుపాకినే అడగడం మొదలుపెట్టడంతో, కంపెనీ మరలు మానుకొని 1895లో తుపాకి పేరునే తన పేరుగా పెట్టుకొని డైసీ అయింది. 1890లో జర్మనీలోని రాస్టాట్‌లో మొదలైన మరో కంపెనీ తన తుపాకికి రోమనుల వేట దేవత డయానా పేరు పెట్టింది. దాని ముద్రలో ఆ దేవత విల్లును పక్కకు విసిరేసి ఎయిర్‌గన్‌ను పైకెత్తి పట్టుకొని ఉంటుంది. ఆ కంపెనీ 35వ నంబరు నమూనాను అనుసరించిన తుపాకులు ఇండియాలోనే తయారు కావడం వల్ల, వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టు, ఎయిర్‌గన్ ఎవరు చేసినా డయానా అయింది.

సాగర్ జలాశయం నుంచి 1967లో నీళ్లు వదిలిన తరువాత, కాలువ కింది పల్లెల్లో రెండు పంటలు చూసిన ఇళ్లకు, అవసరం లేని వస్తువును కొనే శక్తి క్రమంగా వచ్చింది. అయితే రైతు ఇంట్లో ఏ వస్తువూ అవసరం లేదని చెప్పి లోపలికి రాదు. ఎయిర్‌గన్ కావాలన్న కోరిక కొడుకుది, దాన్ని సమర్థించే కారణం తండ్రిది: మామిడితోటలో కోతులు, మొక్కజొన్న చేలో రామచిలుకలు, కల్లంలో కాకులు. అంతకు ముందు ఈ పనులన్నీ మంచె మీద కూర్చున్న మనిషి ఒడిసెలతో చేసేవాడు. ఒడిసెల అంటే తాడుకు నడుమ అల్లిన గూడులో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే సాధనం. 1946-51 మధ్య తెలంగాణ సాయుధ పోరాటంలో పల్లె జనం రజాకార్ల మీద వాడిన ఆయుధాల్లో ఇదొకటి కాబట్టి, చరిత్రలో దాని స్థానం ఎయిర్‌గన్ స్థానం కంటే చాలా ఎత్తున ఉందని ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే వినిపించిన బర్మార్ అనే నాటు తుపాకి, పేరుకు తగ్గట్టు మందు నింపి కొట్టేది. ఈ రెండింటి పక్కన పెడితే కొత్తగా వచ్చిన గాలి తుపాకి, పట్నంలో చదువుకొని వచ్చిన అల్లుడిలా, నునుపుగా ఉండి పనికి అంతగా ఒదగనిది.

ఆ ఇళ్లలోని ముసలమ్మలు మాత్రం మొదటి రోజు నుంచే దాన్ని వ్యతిరేకించారు, ఆ వ్యతిరేకతకు వాళ్ల దగ్గర గట్టి శాస్త్రాధారం ఉంది. భద్రాచలం రాముడి ఏలుబడిలో పెరిగినవాళ్లకు రామాయణం పుస్తకం కాదు, పక్క ఊరి సంగతి. మాయలేడి వెంట రాముడు పరుగెత్తింది దుమ్ముగూడెం దగ్గరి పర్ణశాల నుంచేనని ఈ ప్రాంతపు నమ్మకం. నాయనమ్మ వాదన ఇలా సాగేది: బోయవాడు పిట్టను కొట్టబట్టే వాల్మీకి నోటి వెంట శాపం వెలువడి రామాయణం మొదలైంది, దశరథుడు కంటితో చూడకుండా, చప్పుడు విని బాణం వేయబట్టే ముసలి తల్లిదండ్రుల కొడుకు చచ్చి, పుత్రశోకం తగిలింది, బంగారు లేడి మీద మోజుపడబట్టే సీతమ్మ లంకకు పోయింది. “దేవుడంతటివాడికే వేట అచ్చిరాలేదు, నీకెందుకురా ఈ తుపాకి?” అని ఆమె అడిగిన ప్రశ్నకు రామాయణ కాండల్లో ఎక్కడా జవాబు లేదు. మూడు సంఘటనల్లోనూ తప్పు ఆయుధానిది కాదు, గురిపెట్టడానికి ముందు ఆలోచించనివాడిది అన్న సూక్ష్మం ఆమెకు తెలియక కాదు. మనవడికి తెలియదని ఆమెకు తెలుసు.

తుపాకి ఇంట్లోకి రాగానే ఆ వాడలో ఒక కొత్త ఆర్థిక వ్యవస్థ ఏర్పడింది. తుపాకి ఒకటి, ఆశపడే పిల్లలు పాతికమంది. యజమాని రాత్రికి రాత్రి దొర అయ్యాడు. అప్పటిదాకా గోలీలాటలో కూడా చేర్చుకోనివాళ్లు అతని పుస్తకాల సంచి మోశారు. “అన్నా, ఒక్క దెబ్బ, ఒక్కటంటే ఒక్కటే” అన్న వేడుకోలుకు మారకపు ధర నిలకడగా ఉండేది కాదు: పరీక్షలకు ముందు నోటుపుస్తకం, వేసవిలో మామిడికాయ, మిగతా కాలంలో రెండు జామకాయలు. యజమాని కంటే వయసులో పెద్దవాడు కూడా ఆ రోజుల్లో అతన్ని అన్నా అనే పిలిచేవాడన్నది గమనించదగ్గ విషయం. పెల్లెట్ల డబ్బా నిక్కరు జేబులో గలగలలాడుతుంటే ఆ గలగలను బట్టి లోపల ఎన్ని మిగిలాయో చెప్పగల నిపుణులు తయారయ్యారు; వాటిని తేవాలంటే ఖమ్మమో విజయవాడో వెళ్లే పెద్దవాళ్లను పట్టుకోవాలి, పెద్దవాళ్లు మరిచిపోవాలి, మళ్లీ నెల ఆగాలి. అందుకని గోడకు తగిలి చదునైన గుండ్లను ఏరుకొచ్చి, రాతి మీద పెట్టి సుత్తితో సరిచేసి, రెండోసారి కాల్చే కుటీర పరిశ్రమ కూడా నడిచింది. అలా పుట్టిన గుండు ఏ దిక్కుకు పోతుందో దానికే తెలియదు. రెండు చేతులూ తుపాకిని విరవడంలో ఉండిపోవడం వల్ల గుండ్లను బుగ్గన పెట్టుకోవడం అలవాటైంది. సీసం విషమని, అది పిల్లల మెదడుకు చేటని ఎవరూ చెప్పలేదు. ఆ తరం లెక్కల మార్కులకు ఇది కూడా ఒక కారణం కావచ్చునన్న వాదన వ్యాసకర్తకు నచ్చిన వాదనే గానీ, నిలబడే వాదన కాదు.

గురి అభ్యాసానికి మొదటి శత్రువు డాల్డా డబ్బా. పసుపు రంగు మీద పచ్చని తాటిచెట్టు లాంటి బొమ్మ ఉండటం వల్ల గురి కుదుర్చుకోవడానికి అదే మంచి గుర్తు. పిట్టగోడ మీద పెట్టిన ఆ డబ్బా పది అడుగుల దూరం నుంచి కొడితే ‘టంగ్’మని మోగి, ఒకసారి అటూ ఇటూ ఊగి, కాసేపు ఆలోచించినట్టు నిలిచి, అప్పుడు వెనక్కి పడేది. ఆ మధ్యనున్న ఆలోచించే క్షణమే తరువాతి నలభై ఏళ్లు గుర్తుండిపోయిందని యజమానులు ఒప్పుకుంటారు. దూరం పెంచిన కొద్దీ సంగతి మారింది. సెకనుకు నూట యాభై మీటర్ల వేగంతో బయలుదేరిన గుండు ముప్పై మీటర్లు చేరడానికి సెకనులో అయిదో వంతుకు పైగా పడుతుంది, ఆలోపు భూమి దాన్ని జానెడుకు తగ్గకుండా కిందికి లాగుతుంది. బారెల్ సూటిగా చూసింది చెట్టు కొమ్మనే అయినా గుండు వెళ్లేది దాని కింది కొమ్మకు. పైగా స్ప్రింగు తుపాకి రెండుసార్లు కుదుపుతుంది. ముషలకం ముందుకు కదలగానే వెనక్కి తన్ని, అది కొసకు కొట్టుకోగానే ముందుకు దూకి, జతపడని ఎడ్లు లాగిన బండిలా వ్యవహరిస్తుంది. వీటన్నిటి ఫలితంగా కాకికి గురిపెడితే చింతకాయలు రాలేవి. వేటకు వెళ్లినవాడు చేతులూపుకుంటూ తిరిగి రాలేదు, చింతకాయలతో వచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో పచ్చడి. పొరుగింటి బంగాళా పెంకు, పంచాయతీ వీధి దీపం, ఆ తరువాతి కాలంలో డాబా మీది నీళ్ల ట్యాంకు కూడా ఇదే శాస్త్రం వల్ల దెబ్బతిన్నవే గానీ, పొరుగింటివాళ్లకు భౌతికశాస్త్రం చెప్పి ఒప్పించినవాళ్లు లేరు.

కాకి విషయం విడిగా చెప్పుకోవాలి. సీతమ్మను పొడిచిన కాకాసురుణ్ణి గడ్డిపోచతో మూడు లోకాలూ తరిమిన రాముడి కథ తెలిసిన ఈ నేల మీది కాకులు, గురి చూసేవాడిని దూరం నుంచే పసిగడతాయి. చేతిలో కర్ర ఉన్నవాణ్ణీ, కర్రలాంటి తుపాకి ఉన్నవాణ్ణీ అవి ఎన్నడూ పొరబడలేదు. తుపాకి ఇంట్లో పెట్టి వచ్చిన రోజు చేతికందే దూరంలో వాలి, తల వంచి, ఒంటికంటితో చూసి, జాలిపడి పోయేవి. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనుషుల ముఖాలను కాకులు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాయని ముసుగులు తొడుక్కొని మరీ నిరూపించారు. అంత శ్రమ పడకుండా కల్లూరులో ఏ యజమానిని అడిగినా ఈ మాటే చెప్పి ఉండేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకిని ఎలుక, చుంచు, పళ్లు తినే గబ్బిలాలతో కలిపి హాని చేసే జీవుల జాబితాలో పెట్టింది, 2023 ఏప్రిల్ నుంచి అమలైన సవరణతో ఆ జాబితాయే పోయింది. అంటే చట్టం కాకిని కొట్టనిచ్చిన యాభై ఏళ్లూ తుపాకికి అది తగలలేదు.

మిగతా పక్షుల సంగతి ఇంకా చిక్కు. కరెంటు తీగ మీద కదలకుండా, ఎవరు ఎంతసేపు గురిపెట్టినా పట్టించుకోకుండా కూర్చునే పిట్ట పాలపిట్ట ఒక్కటే; దాన్నేమో దసరా నాడు చూస్తే శుభమని ఊరంతా చేల వెంట వెతుకుతుంది, పైగా అది తెలంగాణ రాష్ట్ర పక్షి. మామిడికాయను సగం కొరికి కింద పారేసే రామచిలుక మీద ఎవరికీ దయ లేదు, కానీ 2018లో ఆంధ్రప్రదేశ్ దాన్ని తన రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. కల్లూరు నుంచి కాస్త దక్షిణానికి పోతే తిరువూరు వైపు రాష్ట్ర సరిహద్దు. కాబట్టి పొద్దున ఇటు తోటలో దొంగగా ఉన్న చిలుక సాయంత్రానికి అటు ఎగిరిపోయి అధికార చిహ్నం అవుతుంది. రెండు వైపులా దాన్ని కొట్టడం మాత్రం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమే, కొట్టబోవడం కూడా వేట కిందికే వస్తుంది. కోతుల విషయంలో తుపాకి కాల్చవలసిన పనే లేదు. ఒకటి రెండు సార్లు చప్పుడు విన్న మంద, ఆ తరువాత బారెల్ కనిపిస్తే చాలు పక్క తోటకు దాటుకుంటుంది. పక్క తోటవాడు కూడా అప్పుడు ఎయిర్‌గన్ కొంటాడు.

చప్పుడంటే గుర్తుకు రావలసింది కొబ్బరినూనె. ఎయిర్‌గన్ సహజమైన శబ్దం ‘టప్’ మాత్రమే, అది యజమాని హోదాకు చాలదు. నూనె నాలుగు చుక్కలు లోపలికి వదిలితే, ముషలకం గాలిని ఒక్కసారిగా నలిపినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె ఆవిరై అంటుకొని, ‘ధన్’మనే మోతా, బారెల్ కొసన సన్నని పొగా వస్తాయి, చేల గట్ల మీద డీజిల్ ఇంజన్ నడిచేదీ ఇదే సూత్రం మీద, నిప్పురవ్వ లేకుండా వట్టి ఒత్తిడి వేడితో. మూడు రోజులు ఊరంతా నిజం తుపాకి వచ్చిందనుకుంది. నాలుగో రోజు తోలు వాషరు మాడిపోయి, పొయ్యి మీద తోలు చెప్పు పడ్డ కంపు కొట్టి, తుపాకి ‘తుస్’మంది, సైకిల్ షాపుకు మళ్లీ పని తగిలింది.

ఇంత జరిగినా దసరా నాడు దానికి దక్కవలసిన మర్యాద దక్కింది. ఆయుధపూజకు పసుపు కుంకుమలు పెట్టే వరసలో ట్రాక్టరు, నాగలి, కొడవళ్లు, మందు కొట్టే స్ప్రేయరు, వాటి చివర ఎయిర్‌గన్ గోడకు ఆనుకొని నిలబడేవి. ఏడాది పొడుగునా పనిచేసినవాటన్నిటికీ ఒక బొట్టు, ఏ పనీ చేయని తుపాకికి మూడు బొట్లూ ఒక నిమ్మకాయా. డయానా తన విల్లును పారేసింది, పాండవులు తమవి జమ్మిచెట్టు మీద దాచారు, కల్లూరు కుర్రవాడు మాత్రం తన ఆయుధాన్ని జమ్మి కొట్టే చోటికి భుజాన వేసుకొని పోయి ఒకసారి ఊరేగించి తెచ్చాడు. శివరాత్రికి పెనుబల్లి నీలాద్రి జాతర లాంటి తిరునాళ్లలో ఈ తుపాకికి దాయాది ఒకటి కనిపిస్తుంది: గుడ్డ తెర మీద రంగు బుడగలు కట్టి, డబ్బులిస్తే పేల్చుకోనిచ్చే అంగడిది. దాని గురి కావాలనే వంకరగా ఉంటుందని అందరికీ తెలుసు, అయినా సొంత తుపాకి ఉన్నవాడు అక్కడ ఓడిపోయి నవ్వులపాలైతే, ఆ కారణం ఎవరూ ఒప్పుకోరు.

అడవి వైపు దాన్ని తీసుకుపోయినవాళ్లు తక్కువ. కనకగిరి గుట్టల పక్క పల్లెల్లో చిన్నప్పుడే విల్లు పట్టే కోయ పిల్లల ముందు గాలి తుపాకి పట్టుకొని నిలబడటానికి ధైర్యం కావాలి. అంతకంటే, నక్సలైట్లూ పోలీసులూ ఒకరి కోసం ఒకరు గాలించుకున్న ఏళ్లలో, తుపాకిలా కనిపించే దేన్నైనా భుజాన వేసుకొని అడవి బాటన నడిచేవాడు, ఎదురుపడ్డవాళ్లకు అందులో ఉన్నది గాలేనని నచ్చజెప్పే వ్యవధి తనకు దొరుకుతుందని నమ్మి ఉండాలి. తండ్రులు ఈ ఒక్క విషయంలో కచ్చితంగా ఉండేవారు: తుపాకి చెరువుకట్ట దాటకూడదు.

గాలి తుపాకితోనే ఘనకార్యాలు చేసినవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచాడు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ల వయసులో, ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయింది. ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్లు తెచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. డాల్డా డబ్బా మీద ఆ చుక్కను పెడితే తాటిచెట్టు బొమ్మలో ఒక ఆకు కొసకు కూడా చాలదు.

కల్లూరు ప్రాంతపు యజమానులు మాత్రం వేరే క్రీడలో రాణించారు. తెలంగాణ పల్లెలకు పిట్టల దొర అనే జానపద కళాకారుడు వస్తుంటాడు. ఖాకీ బట్టలు, చిరుగుల టోపీ, చేతిలో కట్టె తుపాకి, నోటి నిండా కోతలు. అతన్నే తుపాకి రాముడనీ అంటారు, కోతలరాయుడికి అదే పేరు సామెతగా స్థిరపడింది. ఆ కట్టె తుపాకి నుంచి ఇప్పటిదాకా ఒక్క గుండూ బయటికి రాలేదు, అయినా అతను కొట్టని పులి లేదు, గెలవని సంస్థానం లేదు. ఎయిర్‌గన్ యజమాని అతనికి ఏకలవ్య శిష్యుడు. జాగ్రత్తగా గమనిస్తే ఈ యజమాని జ్ఞాపకాలు ఒక నియమం ప్రకారం పెరుగుతాయి: పిట్టగోడ మీది డబ్బాకు పది అడుగుల దూరం నుంచి తగిలిన దెబ్బ, పదేళ్లకు పెళ్లి భోజనాల బంతిలో ముప్పై గజాలకు చేరుతుంది, ఇరవై ఏళ్లకు డబ్బా కొంగగా మారి ఎగరడం మొదలుపెడుతుంది, చివరికి, డాలస్‌లో ఉన్న మనవడికి వీడియో కాల్‌లో చెప్పేసరికి, కొంగ నాలుగు కాళ్ల మీద నిలబడి, ఒంటి మీద మచ్చలు తెచ్చుకొని, మామిడితోట కంచె దూకుతుంది. మనవడు ఉన్న దేశంలో ఎయిర్‌గన్లు సూపర్ మార్కెట్‌లోనే దొరుకుతాయి కాబట్టి అతనికి ఈ కథలో ఆశ్చర్యమేమీ కనిపించదు. అతని తాతకు మాత్రం ఆ చిరుత కంటే, డబ్బా పడేముందు ఆలోచించిన క్షణమే ఇప్పటికీ ఎక్కువ ఇష్టం. ఆ సంగతి ఫోను పెట్టేశాక గానీ చెప్పడు.

ఆ తుపాకులు ఇప్పుడు చాలా ఇళ్లలో అటక మీద, పాత ట్రంకుపెట్టెకూ విరిగిన ఉయ్యాల బల్లకూ మధ్య, దుమ్ము కప్పుకొని ఉన్నాయి. ఇల్లు సర్దే వేళ అలాంటిది దొరికినవారు మురిసిపోయి వెంటనే భుజానికి ఎత్తి పిల్లలకు చూపించవద్దు. ముందు బారెల్ మూతిని ఎవరూ లేని వైపు తిప్పి, మీట జోలికి పోకుండా తుపాకిని విరిచి, రంధ్రంలోకి చూడాలి. చివరిసారి కాకికి గురిపెట్టి, భోజనానికి రమ్మని నాయనమ్మ పిలిస్తే అలాగే పక్కన పెట్టి వెళ్లిన గుండు ఇంకా అందులోనే ఉండవచ్చు.